కొండవాలు మీద చల్లటి ఇల్లు: రాయగడ, గునుపురం, పర్లాకిమిడి వైపు కట్టుకునేవారికి

ఎండాకాలం కరెంటు బిల్లు ఎంత రావాలన్నది చాలావరకు ముగ్గు పోసే రోజునే తేలిపోతుంది. ఇల్లు ఏ వైపు తిరిగింది, వాలును ఎంత కోశారు, చూరు ఎంత కిందికి దిగింది అన్న మూడూ తప్పితే, తర్వాత ఎన్ని స్టార్ల ఏసీ పెట్టినా నెలనెలా ఆ తప్పుకు జరిమానా కడుతున్నట్టే. ఒడిశా సరిహద్దు కొండల్లో ఇంకో వెసులుబాటు ఉంది. ఇక్కడ కొండలో కలిసిపోయేలా కట్టిన ఇల్లే చల్లగానూ ఉంటుంది. వాలు వెంబడి సన్నగా, పొడుగ్గా, చూరు దించి కట్టింది దూరానికి కొట్టొచ్చినట్టు కనపడదు, లోపల ఉక్క పోయదు. పుట్టాసింగి వైపు సవర ఊళ్లకు వెళ్లినవారు చూసే ఉంటారు: రాతి అరుగు, ఎర్రమట్టి పూసిన గోడ, తల వంచి దూరాల్సినంత కిందికి దిగిన చూరు. దాన్ని ఉన్నదున్నట్టు కట్టనక్కర్లేదు గానీ, దాని కొలతల్లో ఉన్న లెక్క మాత్రం మన ఇంటికీ పనికొస్తుంది.

ముందు కాగితం, తర్వాత నేల

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పుర్ జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డ్ ప్రాంతం. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొంత భాగం అందులో ఉంది. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడానికి 1956 నాటి రెగ్యులేషన్ ఒప్పుకోదు. ‘పరవాలేదు, రాసిస్తాం’ అని ఎవరన్నా సరే, అలాంటి నేల మీద ఇటుక పెట్టకండి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో పట్టా తీసి, ఖాతా, ప్లాట్ నంబర్లతో పాటు ‘కిసం’ (నేల రకం) ఏమని ఉందో చూడాలి. సాగుభూమి అయితే తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద ఘరబారిగా, అంటే ఇళ్ల స్థలంగా, మార్పించుకున్నాకే ఇల్లు. కిసంలో జంగల్ అని ఉంటే ఆ స్థలం మాట మరిచిపోవడమే మంచిది.

నేల దగ్గరికి వస్తే, ఈ కొండలు ఎక్కువగా ఖోండలైటు రాయి. ఇక్కడి కంధు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. గట్టిగా ఉన్నచోట మంచి పునాది రాయే. కానీ వానకూ ఎండకూ కుళ్లితే పైకి రాయిలా చారలు చారలుగా కనిపిస్తూనే లోపల బంకమట్టిగా మారిపోతుంది. గునపంతో ఒక పోటు పొడవండి. ఖంగుమని మోగి గునపం వెనక్కి తంతే రాయి. గుంజుకుంటూ జానెడు దిగి, తీసిన పెళ్ల గుప్పిట్లో నలిగిపోతే అది రాయి కాదు, వాన నీళ్లు తాగితే జారే మట్టి. ఇల్లు వచ్చే నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, 5 అడుగుల లోతు గుంతలు తీసి చూశాకే పునాది లోతు నిర్ణయించాలి. ఒక మూల రాయి మీద, ఇంకో మూల మెత్తటి మట్టి మీద కూర్చున్న ఇల్లు మొదటి రెండు వానాకాలాల్లోనే కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగులుతుంది.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. కాబట్టి వాలు చూడ్డానికి బాగుందా అన్నది తర్వాతి మాట. చెట్ల మొదళ్లు కిందికి వంగి మళ్లీ పైకి లేచి ఉన్నా, నేల మీద విల్లులా వంపు తిరిగిన బీటలు ఉన్నా, ఎండాకాలంలో కూడా ఒకచోట ఊట చెమ్మగా ఉన్నా ఆ నేల నెమ్మదిగా కదులుతోందన్నమాట. మూడడుగుల దూరానికి అడుగు కంటే ఎక్కువ దిగే వాలు మీద మామూలు మేస్త్రితో ఇల్లు కట్టించొద్దు. పైన గెడ్డ (కొండవాగు) మొదలయ్యే చోట అసలే వద్దు. ఎండాకాలం పొడిగా ఉన్నా వాన నీటికి అదే దారి.

సమమట్టం గీత

వాలును కళ్లతో అంచనా కడితే తప్పుతుంది. ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి తాడుకు రాయి వేలాడదీయండి. చదునైన చోట నిలబెట్టి, తాడు అడ్డకర్ర మీద ఎక్కడ తగిలిందో గుర్తు పెట్టండి. కర్రలు తారుమారు చేసి మళ్లీ గుర్తు పెట్టండి. రెంటి నడిమధ్య అసలు గుర్తు. ఇప్పుడు వాలు మీద ఒక కాలు ఒకచోట ఉంచి, తాడు ఆ గుర్తుకు వచ్చేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరిపి, మేకు కొడుతూ పోతే సమమట్టపు గీత వస్తుంది. మేస్త్రి దగ్గర లెవెల్ పైపు ఉంటే దానితోనూ ఇదే పని చేయొచ్చు.

ఇంటి పొడుగు ఈ గీత వెంట ఉండాలి. ఎందుకో లెక్క చూడండి. ఆరడుగులకు అడుగు దిగే వాలు మీద 30 అడుగుల లోతు ఇల్లు వేస్తే వెనక గోడకూ ముందు గోడకూ 5 అడుగుల తేడా. చదును చేయాలంటే వెనక కోత, ముందు పోత. అదే 16 అడుగుల లోతు, 40 అడుగుల పొడుగు ఇల్లయితే తేడా రెండడుగుల ఎనిమిది అంగుళాలే. లోపల నాలుగు మెట్లతో రెండు మట్టాలు చేస్తే దాదాపు తవ్వకమే ఉండదు. పైగా ఒక గది మందం మాత్రమే ఉన్న ఇంట్లో ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు వస్తాయి, గాలి అడ్డం లేకుండా పారుతుంది.

పోత మీద గోడ కట్టడం ఇక్కడ అందరూ చేసే తప్పు. పోసిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా ఒకటి రెండు వానల్లో కుంగుతుంది. దీనికి వాస్తు కూడా తోడవుతుంది. నైరుతి ఎత్తుగా ఉండాలని, నైరుతికి దిగే వాలు మీద లారీల కొద్దీ మట్టి పోసి ఎత్తు లేపుతారు. వాస్తు మీద నమ్మకం ఉంటే నైరుతి మూలన గోడ, కప్పు ఒక అడుగు ఎత్తు పెంచుకోండి, నీళ్ల ట్యాంకు అక్కడ పెట్టుకోండి. కొండ వాలును మాత్రం తిరగేయకండి.

ఇంటికి పై వాలున, గోడకు 10 అడుగుల దూరంలో ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే లోతు కాలువ తవ్వి రాళ్లు పరిచి, వంద అడుగులకు అడుగు చొప్పున వాలు ఇచ్చి, దగ్గరి గెడ్డకు కలపాలి. పునాది కంటే ముందు చేయాల్సిన పని ఇది. కోత తప్పని చోట 4 అడుగుల ఎత్తు వరకు సిమెంటు లేని రాతికట్టు చాలు. అడుగున ఎత్తులో సగం మందం ఉండాలి, ఆరడుగులకు అడుగు చొప్పున కొండ వైపు వాలాలి, గజానికొకటి చొప్పున గోడ మందం అంతా పట్టే పొడుగు రాయి పడాలి, వెనక అడుగు మందాన కంకర నింపాలి. రాళ్ల సందుల్లోంచి నీరు కారిపోతుంది కాబట్టి గోడ నిలుస్తుంది. అదే సిమెంటుతో పూసేసి, నీరు కారే పైపులు పెట్టడం మరిచిపోతే, వెనక నిలిచిన నీటి బరువే దాన్ని ముందుకు తోస్తుంది. సిమెంటు గోడ తప్పనిసరైతే 4 అడుగులకొకటి చొప్పున 3 అంగుళాల పైపు, లోపలి మొన దగ్గర కంకర మూటతో పెట్టించండి. నాలుగైదు అడుగులు దాటిన గోడకు ఇంజనీరు డ్రాయింగు కావాలి.

ఎండ లెక్క

మనం 18, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మధ్య నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపున ఉంటాడు. అంటే ఉత్తరపు కిటికీకి కూడా సజ్జ కావాలి, ఒకటిన్నర అడుగు చాలు. దక్షిణాన కిటికీ నెత్తిన 2 అడుగుల సజ్జ వేస్తే, మార్చి చివర మధ్యాహ్నానికి దాని నీడ 5 అడుగులు దాటి కిందికి దిగుతుంది. 4 అడుగుల కిటికీ మొత్తం నీడలోనే. డిసెంబరులో అదే నీడ రెండడుగుల చిల్లరే, మిగతా సగంలోంచి వెచ్చటి ఎండ లోపలికి వస్తుంది. కొరాపుట్ ఎత్తుల్లో చలికాలం ఆ ఎండ చాలా అవసరం. సజ్జ కిటికీ కంటే అటూ ఇటూ అడుగు చొప్పున పొడుగు ఉండాలి, లేకపోతే ఉదయం, సాయంత్రం పక్క నుంచి ఎండ దూరుతుంది.

పడమటికి సజ్జ పనిచేయదు. మే నెల సాయంత్రం 4 గంటలకు సూర్యుడు నేలకు 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు; 2 అడుగుల సజ్జ నీడ అడుగుంపావు దిగుతుందంతే. అదే 7 అడుగుల వెడల్పు వసారా వేసి, చూరును వసారా నేల నుంచి 6 అడుగులకు దించితే ఆ వేళకు ఎండ గోడ మీద మోకాటి ఎత్తు దాకానే తగులుతుంది. ఆ తర్వాత గంటా గంటన్నరకు వెదురు తడక దించుకుంటే సరి. సవర ఇళ్ల చూరు అంత కిందికి ఉండటంలో ఉన్న లెక్క ఇదే. వాన జల్లు గోడను తాకకపోవడం దాని రెండో లాభం. వాలు పడమటికి తిరిగి ఉంటే పొడుగు గోడ ఎలాగూ పడమటికే వస్తుంది. అప్పుడు ఇల్లంతటికీ ఆ వైపున వసారా తప్పనిసరి. వీలైతే స్నానాలగది, సామాన్ల గది, మెట్లు ఆ వైపుకు నెట్టి పడకగదులను తూర్పుకు మార్చండి.

కిటికీల విషయంలో కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ల ఇంధన నియమావళి, ఎకో నివాస్ సంహిత, ఒక సులువైన కొలత ఇచ్చింది: ఉక్క ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలి. 10 × 12 గదికి 20 చదరపు అడుగులు. పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు సగమే తెరుచుకుంటాయి, లెక్కలో సగమే వేసుకోవాలి. రెక్కల కిటికీలే మేలు. ఇక రాయగడ, కొరాపుట్ మలేరియా జిల్లాలు, దోమల జాలీ లేకుండా కుదరదు. జాలీ గాలిని బాగా తగ్గిస్తుంది కాబట్టి ఆరో వంతుతో సరిపెట్టకుండా ఐదో వంతు పెట్టండి. ఎదురుగోడ కిటికీ గాలి వచ్చేదానితో సమానంగానో పెద్దదిగానో ఉండాలి. ఒకవైపే కిటికీలున్న గదిలో ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది.

గోడ

పునాది తవ్విన మట్టితోనే గోడ లేపగలిగితే లారీ ఖర్చు పోతుంది, రంగు కూడా కొండ రంగే వస్తుంది. పై మట్టి అడుగున్నర వేర్లతో ఉంటుంది, దాన్ని తీసి తోటకు దాచి, కింది మట్టిని పరీక్షించాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో ఇసుక దిగుతుంది, గంటా రెండు గంటల్లో ఒండ్రు, మర్నాటికి బంక. స్కేలుతో కొలిస్తే పాళ్లు తెలిసిపోతాయి. బంక 15 నుంచి 25 శాతం, ఇసుక, సన్న గులక కలిపి 60 పైన ఉంటే ప్రెస్ బ్లాకులకు, అంటే అచ్చు యంత్రంతో నొక్కి చేసే మట్టి ఇటుకలకు, సరిగ్గా సరిపోతుంది. బంక 30 దాటితే ఇసుక కలపాలి, లేకపోతే ఆరేటప్పుడు పగులుతాయి.

50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 700 కిలోల జల్లించిన మట్టి. పొడిగా రంగు కలిసేదాకా కలిపి, నీళ్లు చిలకరించాలి. పిడికెడు ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉంది. పొడిపొడి అయితే నీళ్లు చాలలేదు, ముద్దగా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. కలిపిన మట్టిని అరగంట, ముప్పావుగంటలో అచ్చు కొట్టేయాలి. సిమెంటు పట్టేశాక నీళ్లు చల్లి మళ్లీ కలపడం కూలీలకు మామూలే, అక్కడే బ్లాకు బలం పోతుంది. కొట్టిన బ్లాకులను రెండు రోజులు టార్పాలిన్ పట్టా కింద ఉంచి, ఆపైన 3 వారాలు రోజుకు రెండుసార్లు తడపాలి. అరుగు 2 అడుగుల పైన రాతితో లేపి, దాని మీద 3 అంగుళాల కాంక్రీటు పట్టీ గోడ అంచు కంటే రెండంగుళాలు బయటికి వచ్చేలా పోయండి. చెమ్మ ఎక్కదు, చెదలు ఎక్కినా బయట మట్టి గీత కనిపిస్తుంది కాబట్టి దొరికిపోతాయి.

మట్టి సరిగా లేకపోతే, ఇటుకలను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడ కట్టించండి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ బాగా వాడుకలోకి తెచ్చిన పద్ధతి. 9 అంగుళాల గోడకే ఇటుక నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి పొర వేడిని ఆపుతుంది. ఇటుకలు వంకరగా ఉంటే మాత్రం మొదలుపెట్టొద్దు. సందులు నింపడానికి మేస్త్రి సిమెంటు మాలు కుమ్మేస్తాడు, అది ఖాళీలోకి రాలి లాభమంతా పోతుంది. కింది, పై వరసలు, తలుపు కిటికీల పక్కలు నిండు ఇటుకతో రావాలి. కరెంటు పైపులు గోడ లేస్తున్నప్పుడే పెట్టాలి, తర్వాత గాడి కొడితే ఇటుక పగులుతుంది.

మందపాటి గోడ అన్నిచోట్లా మంచిదని ఒక మాట ఉంది. రాత్రి చల్లబడే కొరాపుట్ ఎత్తుల్లో నిజమే. గునుపురం, పర్లాకిమిడి లోయల్లో వేసవి రాత్రి కూడా ఉక్కగానే ఉంటుంది, పగలంతా వేడెక్కిన మందపు గోడ తెల్లవార్లూ ఆ వేడిని గదిలోకి వదులుతుంది. లోయలో గోడ మందం కంటే గోడ మీది నీడకే ఎక్కువ ఖర్చు పెట్టాలి.

కప్పు

ఒక అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో సింహభాగం కప్పు మీదుగానే వస్తుంది. తెల్ల సున్నం, తెల్ల పలకలు వేస్తే స్లాబు చల్లబడుతుంది, నిజమే. కానీ పచ్చటి కొండ మీద తెల్లటి కప్పు మైలు దూరం నుంచి మెరుస్తుంది. రెండూ కావాలంటే పెంకు, దాని కింద గాలి ఆడే ఖాళీ, దాని కింద తడక. పెంకుకూ తడకకూ మధ్య అర అడుగు ఖాళీ ఉండి, చూరు దగ్గర గాలి దూరి కొప్పు దగ్గర బయటికి పోయేలా జాలీ పెడితే పెంకు వేడి అక్కడికక్కడే పోతుంది. కొప్పు దగ్గర దారి మూసేస్తే ఆ ఖాళీ పొయ్యి అవుతుంది, మేస్త్రులు ఎక్కువగా మరిచిపోయేది అదే. నాటు పెంకుకు 30 డిగ్రీల వాలు కావాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లో నాటు పెంకు పెట్టుకుంటే ఏటా పెంకులు సర్దుకోవడమే పని. మంగుళూరు పెంకు వేసి, చూరు వరసలనూ కొప్పు వరసలనూ తీగతో కట్టండి.

తడకకూ వాసాలకూ మూడేళ్లు నిండిన వెదురు, చలికాలంలో నరికింది వాడాలి. గణుపులకు రంధ్రం చేసి, 100 లీటర్ల నీటికి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపిన తొట్టిలో వారం నానబెట్టి నీడన ఆరబెట్టండి. వాన తగిలేచోట ఈ మందు కడుక్కుపోతుంది కాబట్టి వెదురు చూరు లోపలే ఉండాలి.

తుపాను సంగతి. తీరానికి 60 కిలోమీటర్ల లోపు పట్టీని గాలి లెక్కల్లో తుపాను ప్రాంతంగానే చూస్తారు, పర్లాకిమిడి అందులోకే వస్తుంది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు గాలికి బాగా నిలుస్తుంది. ఉత్తరాంధ్ర చుట్టిల్లు అంతకంటే గట్టిది. వసారా కప్పును ఇంటి కప్పుకు కొనసాగింపుగా వేయకండి. గాలి వసారా కిందికి దూరి లేపినప్పుడు అది ఒక్కటే ఊడిపోవాలి, దానితో పాటు ఇంటి కప్పు లేవకూడదు. అందుకే ఇంటి కప్పు చూరు ఒకటిన్నర అడుగు దాటకుండా ఆపి, దానికి జానెడు కింద వసారా కప్పు విడిగా మొదలవ్వాలి. దూలాలను గోడలోని కాంక్రీటు పట్టీకి ఇనుప పట్టీలతో బిగించాలి, మేకులతో కాదు.

స్లాబే వేస్తామంటే 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలకలు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు) స్లాబు పైన, వాటర్‌ప్రూఫింగ్ మీద పరిచి, ఆపైన రెండంగుళాల మాలు, మట్టిరంగు పెంకు ముక్కలు. పైన చెప్పిన 2018 నియమావళి ప్రకారం కప్పు యు-విలువ (వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే కొలత) 1.2 దాటకూడదు, ఉత్త స్లాబుకు అది 3 పైమాటే, ఈ పలకతో 1 లోపుకు వస్తుంది. పలకను లోపల, సీలింగు వైపు పెడితే స్లాబు వేడెక్కడం ఆగదు. ఇక కొండలో కలవాలని స్లాబు మీద మట్టి పోసి గడ్డి పెంచే ఆలోచన ఇక్కడికి వద్దనే మా మాట. తడిసిన నాలుగంగుళాల మట్టి చదరపు మీటరుకు 180 కిలోల దాకా తూగుతుంది, వేరు ఒక్క పగులు వెతుక్కుంటే చాలు ఇల్లంతా కారుతుంది.

నీళ్లు, కరెంటు

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 700 లీటర్ల పైనే పట్టుకోవచ్చు. 5 వేల లీటర్ల తొట్టి ఇంటి కంటే పై వాలున కాదు, చూరు కిందే పక్కన పెట్టండి. మొదటి వాన మురికి నీరు తొట్టిలోకి పోకుండా పక్కకు తిప్పే గొట్టం తప్పనిసరి.

కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు రోజుకు 10 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు, ఫ్రిజ్ ఒకటి, లైట్లు, టీవీ, పంపు కలిపి ఇంకొకటి పైచిలుకు. నీడ సరిగ్గా కుదిరిన ఇంటికి రోజుకు 4 యూనిట్లు దాటవు. ఒక కిలోవాట్ సోలార్ సుమారుగా అంతే ఇస్తుంది, 100 చదరపు అడుగుల చోటు చాలు. అమ్మేవాళ్లు 3 కిలోవాట్లే పెట్టమంటారు. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేలు కాబట్టి వాళ్ల లెక్క వాళ్లది. ఏసీ లేనింటికి ఒకటి, మహా అయితే రెండు. సోలార్ పలకలు పెంకుల మీద కాకుండా వంటగది, స్నానాలగది మీది చిన్న స్లాబు మీద దక్షిణానికి వాలుగా బిగించండి. లోయలో పడమటి కొండ నీడ చలికాలం తొందరగా పడుతుంది, డిసెంబరులో ఒకరోజు చూసి చోటు ఎంచుకోవాలి. ఇంకొకటి: నెట్ మీటరు సోలార్ (మిగిలిన కరెంటును లైనుకు పంపేది), లైను పోగానే తనంతట తాను ఆగిపోతుంది. తుపాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేనప్పుడు పైన ఎండ ఉన్నా లోపల చీకటే. ఆ రోజులకు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ మొదటే అడగాలి.

ఏ నెలలో ఏ పని

ఏ చెట్టు ఉంచాలో, ఏ చెట్టు కొట్టాలో గుర్తులు అక్టోబరులో, ఆకు నిండుగా ఉన్నప్పుడే పెట్టుకోండి. నవంబరులో పై కాలువ, రాతికట్టు. డిసెంబరు, జనవరి పునాది, అరుగు. బ్లాకులు జనవరిలోనే కొట్టడం మొదలుపెడితే ఫిబ్రవరి, మార్చిలో గోడలు లేస్తాయి. ఏప్రిల్‌లో తడపడానికి నీళ్లు దొరకవు. మే నెలాఖరుకు కప్పు పడి తీరాలి. బయటి పూత మొదటి వానాకాలం దాటాకే వేయండి, కుంగుబాటు, చెమ్మ ఎక్కడ ఉన్నా ఈలోగా కనిపిస్తాయి. పడమటి వైపు కానుగ, వేప మొక్కలు జూన్ వానలకు, గోడకు 15 అడుగుల దూరంలో, రెండడుగుల గుంతల్లో దాచిన పై మట్టి నింపి నాటాలి. కొబ్బరి, నీలగిరి తుపానుకు కూలితే కప్పు మీద పడేంత దగ్గర్లో వద్దు.